అబార్షన్ మీద చర్చిలు మాట్లాడాలా? అమెరికా చర్చిల 50 ఏళ్ళ కథ

ఈ ఎపిసోడ్ కొంచెం సీరియస్. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, చదివేవాళ్ళు నెమ్మదిగా చదవండి.

పోయిన నెల నా బీటెక్ రూమ్మేట్ ఫోన్ చేశాడు. వాడు టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఉంటాడు. ప్రతి ఆదివారం తెలుగు చర్చికి వెళ్తాడు. "మావా, మా పాస్టరు గారు అబార్షన్‌కి వ్యతిరేకంగా ఒక టీమ్ పెడుతున్నారు. వెబ్‌సైట్ నన్ను చేయమన్నారు. ఏం చేయాలో తెలీట్లేదురా" అన్నాడు.

ఇందులో తెలీకపోవడానికి ఏముంది అనుకున్నా. అప్పుడు అసలు విషయం చెప్పాడు. మూడేళ్ళ కిందట, అమెరికా వెళ్ళకముందు, హైదరాబాద్‌లో ఐదో నెల స్కాన్‌లో బిడ్డకి పుర్రె ఏర్పడలేదని తేలింది. పుట్టినా బతకదని ఇద్దరు డాక్టర్లు చెప్పారు. వాళ్ళు అబార్షన్ చేయించుకున్నారు. ఈ సంగతి వాళ్ళ చర్చిలో ఎవరికీ తెలీదు. ఆ అనౌన్స్‌మెంట్ వచ్చినప్పుడు చెల్లెమ్మ వాడి పక్కనే తల దించుకుని కూర్చుందంట. ఇద్దరినీ అడిగాకే ఇది మీకు చెప్తున్నా.

నేను కూడా చర్చిలో పెరిగినవాణ్ణే, గుంటూరు దగ్గర. సో, ఈ టాపిక్ నాకు బయట విషయం కాదు. వాడికి జవాబు చెప్పాలని కూర్చుని చదివాను. చదివింది ఇప్పుడు మీకు చెప్తా.

మొదటి షాక్ ఏంటంటే, అమెరికాలో ప్రొటెస్టెంట్ చర్చిలు మొదట్నుంచీ అబార్షన్ మీద పోరాడుతున్నాయని మనం అనుకుంటాం. కాదు. అక్కడ అతిపెద్ద ప్రొటెస్టెంట్ సంఘం సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్. 1971లో వాళ్ళు ఒక తీర్మానం చేశారు. రేప్ జరిగినా, బిడ్డకి తీవ్రమైన లోపం ఉందని స్పష్టంగా తేలినా, తల్లి శారీరక, మానసిక ఆరోగ్యం దెబ్బతినేలా ఉన్నా అబార్షన్‌ని అనుమతించే చట్టాల కోసం పనిచేయండి అని సభ్యులకి చెప్పారు. అంటే మా వాడి కేసు లాంటిది 1971లో ఆ లిస్టులోనే ఉంది!

తర్వాత 1973 జనవరి 22. రో వర్సెస్ వేడ్ తీర్పు. కేసు పుట్టింది డాలస్‌లోనే. వేడ్ అంటే అప్పటి డాలస్ కౌంటీ ప్రాసిక్యూటర్. సుప్రీంకోర్టు 7-2తో అబార్షన్ రాజ్యాంగ హక్కు అంది. అదే డాలస్‌లో ఫస్ట్ బాప్టిస్ట్ చర్చి పాస్టర్ డబ్ల్యూ.ఎ.క్రిస్‌వెల్, చాలా కన్సర్వేటివ్ మనిషి, ఆ తీర్పుని తప్పుపట్టలేదు. బిడ్డ పుట్టి తల్లి నుంచి వేరయ్యాకే ఒక వ్యక్తి అవుతుందని తను అనుకుంటానన్నాడు. తర్వాత ఆయనే అభిప్రాయం మార్చుకున్నాడు.

మరి అప్పుడు పోరాడింది ఎవరు? ఎక్కువగా కాథలిక్కులు. తీర్పు వచ్చిన సరిగ్గా ఏడాదికి, 1974 జనవరి 22న, నెల్లీ గ్రే అనే కాథలిక్ లాయర్ వాషింగ్టన్‌లో మార్చ్ ఫర్ లైఫ్ మొదలుపెట్టింది. అది ఇప్పటికీ ప్రతి ఏడాదీ జరుగుతుంది. చాలామంది ప్రొటెస్టెంట్లు మాత్రం "అది కాథలిక్కుల గొడవలే" అని ఊరుకున్నారు.

వాళ్ళని కదిలించింది ఏంటి? 1979లో ఫ్రాన్సిస్ షేఫర్ అనే ఆలోచనాపరుడు, సి.ఎవెరెట్ కూప్ అనే పిల్లల సర్జన్ కలిసి ఒక పుస్తకం, ఒక ఫిల్మ్ సిరీస్ తీసుకొచ్చారు. ఊరూరా తిరిగి చర్చిల వాళ్ళకి చూపించారు. కూప్ మాట ఎందుకు పనిచేసిందంటే, ఆయన లోపాలతో పుట్టిన పసిపిల్లలకి ఆపరేషన్లు చేసి బతికించిన డాక్టర్. అదే ఏడాది జెర్రీ ఫాల్వెల్ మోరల్ మెజారిటీ పెట్టాడు. 1980లో సదరన్ బాప్టిస్టులు మాట మార్చారు. తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప అబార్షన్ వద్దని తీర్మానించారు. 2003లో అయితే పాత తీర్మానాలకి పశ్చాత్తాపం కూడా ప్రకటించారు.

ఇక్కడ రెండో వాదన కూడా చెప్పాలి. రాండల్ బాల్మర్ అనే చరిత్రకారుడు ఏమంటాడంటే, ఈ పాస్టర్లని రాజకీయాల్లోకి లాగింది అసలు అబార్షన్ కాదు, నల్లవాళ్ళని దూరం పెట్టే క్రైస్తవ విద్యాసంస్థలకి ప్రభుత్వం పన్ను మినహాయింపు తీసేయడం, అబార్షన్ తర్వాత జతైంది అని. దీంతో ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. కానీ ప్రశ్న మాత్రం మంచిదే. చర్చి ఒక విషయం ఎత్తుకున్నప్పుడు, ఆ మనుషుల కోసమా, ఓట్ల కోసమా?

యాక్టివ్ అయ్యాక ఏం చేశారు? మూడు దారుల్లో వెళ్ళారు.

ఒకటి, క్లినిక్‌ల ముందు అడ్డంగా కూర్చోవడం. 1991లో కాన్సాస్‌లోని విచిటాలో ఆపరేషన్ రెస్క్యూ వాళ్ళ ఆందోళనలో రెండు వేల పైచిలుకు అరెస్టులు జరిగాయి. ఆ ఊళ్ళోనే డాక్టర్ జార్జ్ టిల్లర్ అబార్షన్లు చేసేవాడు. 2009 మే 31, ఆదివారం, ఆయన్ని ఒకడు కాల్చి చంపాడు. ఎక్కడో తెలుసా? చర్చిలో. ఆయన అక్కడ ఆరాధనకి వచ్చినవాళ్ళని ఆహ్వానించే పనిలో ఉన్నాడు. పెద్ద ప్రో-లైఫ్ సంస్థలు ఆ హత్యని ఖండించాయి. అయినా ఆ మచ్చ ఉద్యమం మీద పడింది.

రెండు, చట్టం, ఓట్లు. ఆ దశాబ్దాల్లో అక్కడ పాటించిన రూల్ ఏంటంటే, పన్ను మినహాయింపు ఉన్న చర్చి ఫలానా అభ్యర్థికి ఓటేయండి అనకూడదు. ఇది 1954 నుంచి చట్టంలో ఉంది. కానీ అంశం మీద మాట్లాడొచ్చు. అలా దశాబ్దాలు పనిచేసి, 2022 జూన్ 24న డాబ్స్ తీర్పుతో రోని కొట్టేయించగలిగారు. టెక్సాస్‌లో ఆ ఆగస్టు నుంచి దాదాపు పూర్తి నిషేధం. తల్లికి ప్రాణాపాయం లాంటి పరిస్థితి ఉంటేనే మినహాయింపు. బిడ్డ బతకదని తేలినా ఆ చట్టంలో మినహాయింపు లేదు. అంటే చెల్లెమ్మకి అదే స్కాన్ ఇప్పుడు డాలస్‌లో వచ్చి ఉంటే, వేరే రాష్ట్రానికి విమానం ఎక్కాల్సిందే. ఇంకో సంగతి, తీర్పు వచ్చిన ఆరు వారాలకే కాన్సాస్‌లో ఓటింగ్ పెడితే అబార్షన్ హక్కు వైపే సుమారు 59 శాతం నిలబడ్డారు. చట్టం గెలిచినంత మాత్రాన మనుషుల మనసులు గెలిచినట్టు కాదు.

మూడు, ప్రెగ్నెన్సీ సెంటర్లు. దేశం మొత్తం రెండు వేలకు పైగా ఉన్నాయి. ఫ్రీగా టెస్టు, స్కాన్, డైపర్లు, పసిపిల్లల బట్టలు ఇస్తారు. చాలామంది తల్లులకి ఇవి నిజంగా ఆసరా అయ్యాయి. విమర్శ కూడా ఉంది. కొన్ని సెంటర్లు హాస్పిటల్‌లా కనిపిస్తాయి, కానీ లైసెన్సు ఉన్న డాక్టర్ ఉండడు, అబార్షన్ చేయమన్న సంగతి ముందే చెప్పరు అని. భయంలో ఉన్న అమ్మాయికి దాచి చెప్పడం సాయం కాదు కదా.

ఇప్పుడు నన్ను ఆపేసిన నంబర్ చెప్తా. 2015లో ప్రో-లైఫ్ సంస్థ కేర్ నెట్ కోసమే ఒక సర్వే చేశారు. అబార్షన్ చేయించుకున్న మహిళల్ని అడిగారు. పదిమందిలో నలుగురు, ఆ టైంలో నెలకి కనీసం ఒకసారైనా చర్చికి వెళ్తున్నవాళ్ళే. మరి ఆ నిర్ణయం గురించి చర్చిలో ఎవరితోనైనా మాట్లాడింది ఎంతమంది? 7 శాతం!

ఒక్కసారి ఆలోచించండి. అబార్షన్ ఎక్కడో బయటివాళ్ళ విషయం అనుకుని చర్చి మైకు పట్టుకుంటుంది. ఆ అమ్మాయి మూడో వరసలో కూర్చుని ఉంటుంది.

గుట్‌మాకర్ అనే, అబార్షన్ హక్కుని సమర్థించే సంస్థ 2014 సర్వే ప్రకారం, అబార్షన్ చేయించుకున్నవాళ్ళలో మూడొంతుల మంది పేదలు, తక్కువ ఆదాయం వాళ్ళు. సగానికి పైగా అప్పటికే తల్లులు. అంటే రెండు వైపుల లెక్కలూ ఒకే మాట చెప్తున్నాయి. డబ్బు లేదు, తోడు లేదు, చెప్పుకునే చోటు లేదు.

సో, నా అభిప్రాయం. కడుపులో ఉన్నది ప్రాణమే అని నమ్మే చర్చి మౌనంగా ఉండటం నిజాయితీ కాదు. మాట్లాడాలి. కానీ సాఫ్ట్‌వేర్‌లో ఒక మాట ఉంటుంది, యూజర్ ఎవరో తెలీకుండా ప్రొడక్ట్ కట్టొద్దు అని. ఇక్కడ యూజర్ ఆ అమ్మాయి. పెళ్ళికాని అమ్మాయి గర్భంతో వస్తే గుసగుసలు ఆపగలరా? ప్రసవం ఖర్చు, ఆ తర్వాత రెండేళ్ళు పిల్లని చూసుకునే మనిషి, ఇవి సంఘం ఇవ్వగలదా? బాధ్యత తప్పించుకున్న అబ్బాయిని నిలబెట్టి అడగగలరా? మా చెల్లెమ్మ లాంటి తల్లి ఎదురైతే ముందు ఏడవగలరా? వీటికి అవును అన్నాకే ర్యాలీ, బ్యానర్. రివర్స్‌లో చేస్తే ఆ 7 శాతం ఇంకా తగ్గుతుంది.

నాతో ఒప్పుకోనివాళ్ళు రెండు వైపులా ఉంటారు. నిర్ణయం పూర్తిగా ఆ మహిళదే, చర్చికి సంబంధం లేదు అనేవాళ్ళ వాదనలోనూ బలం ఉంది. ఎందుకంటే తొమ్మిది నెలలు మోసేది సంఘం కాదు, ఆమె.

వాడికి ఇదే చెప్పా. "మావా, వెబ్‌సైట్ సంగతి తర్వాత. ముందు చెల్లెమ్మని అడుగు." అడిగాడు. ఇద్దరూ వెళ్ళి పాస్టరమ్మ గారిని కలిశారు. ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడలేదంట. తర్వాత చెల్లెమ్మ చెయ్యి పట్టుకుని, "నాతో ముందే ఎందుకు చెప్పలేదమ్మా" అన్నారంట. చెల్లెమ్మ జవాబు, "చెప్పొచ్చని తెలీదండి."

టీమ్ మొదటి మీటింగ్ వాయిదా పడింది. మళ్ళీ ఎప్పుడు పెడతారో, ఎలా పెడతారో తెలిస్తే చెప్తా.

కామెంట్స్‌లో మీ మాట రాయండి. ఒక్కటే రిక్వెస్ట్, ఇది చదివేవాళ్ళలో ఆ పరిస్థితి దాటొచ్చినవాళ్ళు ఉంటారు. అది గుర్తుపెట్టుకుని టైప్ చేయండి. ఉంటా మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.