రెండు ప్రోలీన్లు, మూడు సిఫారసు లేఖలు

“పీహెచ్‌డీ అయ్యాక ఇంకేం చదువు?” అని వాడలో అమ్మలు అడుగుతుంటారు. పోస్ట్‌డాక్ అంటే చదువు కాదు, పూర్తి ఉద్యోగమూ కాదు. వేరొకరి ల్యాబ్‌లో రెండు మూడేళ్ల కాంట్రాక్టు మీద, ఒక ప్రశ్న పట్టుకుని చేసే పని. పేరు ల్యాబ్ పెద్దది. బల్ల ముందు రాత్రిదాకా నిలబడేది ఎక్కువగా వీళ్లే. వైరస్‌ల నిర్మాణం మీద పీహెచ్‌డీ చేస్తున్న మేం ఒక్క ఉదాహరణ తీసుకుని ఈ దారి గురించి చెబుతాం.

కరోనా వైరస్ ఒంటి మీది స్పైక్ ప్రోటీన్ నొక్కిపెట్టిన స్ప్రింగు లాంటిది. మన కణాన్ని తాకేముందు ఒక ఆకారం, లోపలికి చొరబడేటప్పుడు విచ్చుకుని ఇంకో ఆకారం. వైరస్‌ను గట్టిగా అడ్డుకునే యాంటీబాడీలు చాలావరకు మొదటి ఆకారాన్ని గుర్తుపట్టేవే. చిక్కేమిటంటే, ప్రోటీన్‌ను విడిగా తయారుచేస్తే అది తనంతట తానే విచ్చుకుపోతుంది.

జేసన్ మెక్‌లెల్లన్ ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌గా ఉన్న నియాన్‌షువాంగ్ వాంగ్ మెర్స్ వైరస్ స్పైక్‌లో వంపు దగ్గర పక్కపక్కనున్న రెండు అమైనో ఆమ్లాలు తీసి ప్రోలీన్లు పెట్టారు. ప్రోలీన్ బిగుసుగా ఉంటుంది. మోకాలికి బద్ద కట్టినట్టు, ఆ చోటు ఇక సాగలేదు. 2017లో పేపర్ వచ్చింది. అమెరికా ఎన్‌ఐహెచ్‌లో బార్నీ గ్రాహం దగ్గర పోస్ట్‌డాక్‌గా చేరిన నల్లజాతి శాస్త్రవేత్త కిజ్‌మీకియా కార్బెట్ కూడా అందులో రచయితే.

2020 జనవరిలో కొత్త వైరస్ జన్యుక్రమం బయటికి రాగానే అదే కిటుకును 986, 987 స్థానాల్లో వాడారు. ప్రోటీన్ ద్రావణాన్ని ద్రవ ఈథేన్‌లో ముంచితే, నీళ్లు మంచు స్ఫటికాలు కట్టేలోపే గాజులా బిగుస్తాయి. అందులో చిక్కుకున్న వేలాది అణువులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఫొటోలు తీసి కంప్యూటర్‌లో కలిపితే త్రీడీ రూపం వస్తుంది. ఇదే క్రయో-ఈఎం. 2017 కెమిస్ట్రీ నోబెల్ దీనికే. ఫిబ్రవరి 19కల్లా 3.5 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో స్పైక్ రూపం ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఫైజర్, మోడెర్నా టీకాల్లో ఆ రెండు ప్రోలీన్లు ఉన్నాయి. (మనలో చాలామంది వేయించుకున్న కోవిషీల్డ్‌లో లేవు.)

కార్బెట్ అక్కడిదాకా ఎలా చేరారన్నదే మాకు ముఖ్యం. హైస్కూల్లో ఉండగానే, పేద పిల్లలను వేసవిలో ల్యాబ్‌లకు పంపే ‘ప్రాజెక్ట్ సీడ్’. ఆ తర్వాత బాల్టిమోర్ కౌంటీ యూనివర్సిటీలో మేయర్‌హాఫ్ స్కాలర్. 1988లో నల్లజాతి విద్యార్థుల కోసం మొదలైన ఆ పథకం ఇచ్చేది ఫీజు ఒక్కటే కాదు. ల్యాబ్ అనుభవం, దారి చూపే పెద్దలు, కలిసి చదివే జట్టు కూడా.

మన ఫెలోషిప్ పీహెచ్‌డీ దాకా తెచ్చి వదిలేస్తుంది. ఎస్సీ విద్యార్థుల నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కూడా పీజీ, పీహెచ్‌డీలకే. విదేశీ పోస్ట్‌డాక్‌కు రోస్టర్ ఉండదు, చాలాసార్లు ప్రకటనా ఉండదు. అంతా ఈమెయిళ్లు, సిఫారసు లేఖలే. కులం తన పేరు చెప్పకుండా పనిచేసేది ఇక్కడే. మాలో ఒకరిని మూడో లేఖ కోసం నాలుగు నెలలు తిప్పారు. చివరికి వచ్చింది రెండు వాక్యాలు: వినయం గలవాడు, సమయానికి వస్తాడు. చేసిన ప్రయోగాల ఊసే లేదు. అదే ప్రొఫెసర్ ఇంకో విద్యార్థికి రెండు పేజీలు రాశారు.

అందుకే లేఖలన్నీ ఒక్క గైడ్ చేతిలో పెట్టుకోకండి. బయటి ల్యాబ్‌లతో కలిసి పనిచేస్తే, మీ పని చూసినవాళ్లు ఇంకో ఇద్దరు తయారవుతారు. థీసిస్‌కు ఏడాది ముందే ల్యాబ్‌లకు రాయడం మొదలుపెట్టండి. మైక్రోస్కోపు లేదని ఆగక్కర్లేదు: ముడి ఫొటోలు ఎంపియార్‌లో, వాటిని కలిపే రిలయాన్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతాయి. ముందు ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో 6వీఎస్‌బీ అని కొట్టండి. ఫోన్‌లోనైనా తెరుచుకుంటుంది. తిప్పుతూ 986, 987 వెతకండి.