సింగపూర్ మిలట్రీ రెండేళ్లు, ఆ తర్వాత చదువు: మధ్యలో మా పల్నాడులో మూడు వారాలు

ఈ ఎపిసోడ్ సగం మా ఇంటి విషయం, సగం లోకం విషయం. మా మేనల్లుడు సింగపూర్‌లో రెండేళ్లు మిలట్రీ చేసి, ఆగస్టులో యూనివర్సిటీలో చేరబోయే ముందు, శివరాత్రికి అమ్మానాన్నలతో కలిసి నరసరావుపేట వచ్చి మూడు వారాలు ఉండి వెళ్లాడు. వాడు వచ్చిన దగ్గర్నుంచీ మా బజారులో అందరిదీ ఒకటే ప్రశ్న. "అదేంది, సింగపూర్లో సంపాదించుకుంటానికి పోయినోళ్ల పిల్లోణ్ణి మిలట్రీలో ఎందుకు వేశారు? ఇంటరు అయ్యాక రెండేళ్లు దండగే కదా?" నలభై మందికి విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ ఒక్కసారే చెప్తాను. మీలో చాలామంది పిల్లలు అగ్నివీర్ ర్యాలీలకి పరిగెత్తుతున్నారు కాబట్టి ఆ సంగతి కూడా చివర్లో కలుపుతాను.

ముందు సింగపూర్ సంగతి. ఆ దేశం మలేషియా నుంచి విడిపోయింది 1965లో. అప్పటికి వాళ్లకి చెప్పుకోదగ్గ సైన్యం లేదు. 1967లో చట్టం చేసి, పద్దెనిమిదేళ్లు నిండిన మగపిల్లలందరికీ నేషనల్ సర్వీస్ తప్పనిసరి చేశారు. సైన్యాన్ని కట్టడానికి ఇజ్రాయెల్ నుంచి సలహాదారుల్ని రప్పించుకున్నారు. మొదట్లో రెండున్నరేళ్ల దాకా ఉండేది, 2004లో రెండేళ్లకి తగ్గించారు. సైన్యంలోనే వేస్తారని లేదు, పోలీసులో వేయొచ్చు, అగ్నిమాపక పనులు చూసే సివిల్ డిఫెన్స్‌లో వేయొచ్చు. మంత్రి కొడుకైనా, టాక్సీ డ్రైవర్ కొడుకైనా ఒకే గదిలో పక్కపక్క మంచాల మీద పడుకోవాల్సిందే.

మరి మనవాళ్లకి ఎందుకు వర్తించింది? ఇదే చాలామందికి తెలియని ముక్క. మా బావ ఉద్యోగం మీద వెళ్లి పీఆర్ తీసుకున్నాడు, అంటే పర్మనెంట్ రెసిడెంట్. పాస్‌పోర్ట్ మన దేశానిదే. ఉద్యోగం మీద పీఆర్ తెచ్చుకున్న తండ్రికి మామూలుగా ఈ సర్వీస్ ఉండదు. కానీ తండ్రి ద్వారా పీఆర్ వచ్చిన కొడుక్కి ఉంటుంది. పౌరుడు కాకపోయినా సరే. పిలుపు వచ్చాక ఎగ్గొడితే పది వేల డాలర్ల దాకా జరిమానా, మూడేళ్ల దాకా జైలు. సర్వీస్ చేయకుండా పీఆర్ వదిలేసుకుని వెళ్లిపోతే, రేపు చదువుకో ఉద్యోగానికో మళ్లీ ఆ దేశానికి దరఖాస్తు పెట్టినప్పుడు అది అడ్డం తిరుగుతుంది.

పిల్లాడికి పదమూడేళ్లు నిండిన దగ్గర్నుంచీ ఈ లెక్క మొదలవుతుంది. ఆ వయసు దాటాక మూడు నెలలు, ఆపైన దేశం బయట ఉండాలంటే ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలి. అందుకని మా అక్కా బావా అప్పుడే కూర్చుని తేల్చుకోవాల్సి వచ్చింది. ఉంచాలా, గుంటూరు తీసుకొచ్చి హాస్టల్లో వేసి ఇక్కడి పరీక్షలు రాయించాలా? మా అమ్మ అయితే గట్టిగా చెప్పింది, "నా దగ్గరికి పంపించండి, నేను సాక్కుంటా" అని. వాళ్లు ఉంచారు. ఆ మాట మీద మా అమ్మ మా అక్కతో రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. మనవణ్ణి మిలట్రీకి రాసిచ్చారు అన్నది ఆమె లెక్క. ఈ సెలవులకి అంత బరువు ఎందుకొచ్చిందో మీకిప్పుడు అర్థమై ఉంటుంది.

అక్కడ జూనియర్ కాలేజీ చివరి పరీక్షలు ఏడాది ఆఖర్లో అయిపోతాయి. కొత్త ఏడాది మొదట్లో పిలుపు. చాలామంది ముందు వెళ్లేది టెకాంగ్ అనే దీవికి. అక్కడ మొదటి శిక్షణ, మామూలుగా తొమ్మిది వారాలు. తల గొరిగించటం, తుపాకీ ఇవ్వటం, చివర్లో 24 కిలోమీటర్ల నడక. వారాంతాల్లో ఇంటికి పంపిస్తారు. యూనివర్సిటీకి ముందే అప్లై చేసుకోవచ్చు, సర్వీస్ అయ్యేదాకా సీటు అట్టే పెడతారు. కాబట్టి "రెండేళ్లు దండగ" అన్నది సగమే నిజం. ఆడపిల్లలు రెండేళ్లు ముందు డిగ్రీ అందుకుంటారు, అది నిజమే. మగపిల్లలందరూ మాత్రం ఒకేసారి ఆలస్యం అవుతారు కాబట్టి వాళ్లలో వాళ్లకి తేడా రాదు. విడుదలయ్యే రోజుని అక్కడ ఓఆర్‌డీ అంటారు. మన పిల్లలు ఇంటర్ ఫలితాల కోసం రోజులు లెక్కపెట్టినట్టు వాళ్లు దానికి లెక్కపెట్టుకుంటారు. ఆ రోజుకీ ఆగస్టుకీ మధ్య మావాడికి ఆరు నెలలు దొరికాయి. కొంతమంది పార్ట్‌టైం ఉద్యోగాలు చేస్తారు, కొంతమంది స్నేహితులతో జపాన్ చూడటానికి పోతారు. మావాడు జపాన్ తర్వాత చూస్తానన్నాడు. ఎందుకంటే మా అమ్మకి డెబ్భై ఎనిమిదేళ్లు.

వచ్చిన రోజు సంగతి ఒక్కటి చెప్తాను. మా అమ్మ వాణ్ణి చూసి ఏడవలేదు. చేతులు పట్టుకుని అరచేతులు తిప్పి చూసింది. గట్టిపడి ఉన్నాయి. "ఏందిరా అయ్యా, ఆళ్లు నీతో మట్టి పని చేయించారా?" అంది. వాడు నవ్వి, "గుంటలు తవ్వాం అమ్మమ్మా, దాక్కుంటానికి" అన్నాడు. "ఎవరి నుంచి?" అని అడిగింది. వాడి దగ్గర సమాధానం లేదు. "ఎవరూ రాలేదు అమ్మమ్మా" అన్నాడు చివరికి.

వాడి తెలుగు గురించి కూడా చెప్పాలి. సింగపూర్ బడుల్లో మాతృభాష ఒక సబ్జెక్టు. తమిళం ఆ దేశ అధికార భాషల్లో ఒకటి కాబట్టి అది ఉంది. అది కాక హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ తీసుకోవచ్చు. తెలుగు ఆ జాబితాలో లేదు. తెలుగు పిల్లలు ఎక్కువగా హిందీ గానీ తమిళం గానీ చదువుతారు. 1975 నుంచి అక్కడ తెలుగు సమాజం ఉంది, పండగలూ పిల్లల కార్యక్రమాలూ చేస్తుంది, కానీ బడి మార్కుల్లోకి రాని భాష వెనకబడుతుంది. మావాడు మాట్లాడతాడు, చదవలేడు. బస్సు మీద "మాచర్ల" అన్న అక్షరాలు పోల్చుకోవటానికి వారం పట్టింది. వెళ్లేలోపు షాపుల బోర్డులు తప్పుల్లేకుండా చదివాడు. మా అమ్మే పలక కొనిపించింది!

ఇక శివరాత్రి. కోటప్పకొండ మా ఊరికి పది పన్నెండు కిలోమీటర్లు. బ్రహ్మ, విష్ణు, రుద్ర అని మూడు శిఖరాలు, అందుకే త్రికోటేశ్వరుడు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఎనభై తొంభై అడుగుల ఎత్తు ప్రభలు కట్టి, కరెంటు బల్బులతో నింపి, కొండ కిందకి తోలుకొస్తారు. పొడవాటి దూలాలూ వెదుళ్లూ నిలబెట్టి, నాలుగు దిక్కులా మోకులు కట్టి, మనుషులు లాగి పట్టుకుంటేనే అది పడకుండా నిలుస్తుంది. ఒక్కడు మోకు వదిలితే అవతల ముగ్గురికి ప్రమాదం. మావాడు దాని దగ్గరే గంటసేపు నిలబడిపోయాడు. సైన్యంలో ఇట్లాంటివి కట్టడానికి బొమ్మలు గీసిన పుస్తకం ఉంటుందట, ఇక్కడ పుస్తకం ఏదని అడిగాడు. మోకు పట్టుకున్న పెద్దాయన, "పుస్తకం ఎందుకయ్యా, మా నాయన కట్టాడు, నేను కడుతున్నా" అన్నాడు.

ఫిబ్రవరి అంటే మాకు మిరప కోతల కాలం. కల్లంలో పట్టాలు పరిచి కాయలు ఆరబోయటం, తాలు కాయ ఏరటం, టిక్కీలకి తొక్కించి గుంటూరు యార్డుకి ఎత్తటం. మావాడు మొదటి రోజు సరదాగా వెళ్లాడు. తర్వాత నాలుగు రోజులు ఎవరూ పిలవకుండానే వెళ్లాడు. టిక్కీ ఎత్తటంలో మా కుర్రాళ్లతో సమానంగా నిలిచాడు, ఘాటుకి మాత్రం ఓడిపోయాడు. తుమ్ములు, కళ్ల నీళ్లు. సైన్యంలో గ్యాస్ మాస్కు ఇచ్చేవాళ్లు, ఇక్కడ తువ్వాలే అన్నాడు.

కారెంపూడి కూడా తీసుకెళ్లాం. పన్నెండో శతాబ్దంలో పల్నాటి యుద్ధం జరిగిన చోటు, నాగులేరు ఒడ్డున వీరుల గుడి ఉంది. కార్తీకంలో ఐదు రోజులు వీరారాధన జరుగుతుంది, మేం వెళ్లినప్పుడు ప్రశాంతంగా ఉంది. బాలచంద్రుడి కథ మా బావ చెప్పాడు. నేను చాపకూడు సంగతి చెప్పాను. బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని, ఇప్పటికీ ఆ ఉత్సవాల్లో మందపోరు రోజున చేస్తారని. మావాడికి అది వెంటనే ఎక్కింది. చైనీస్, మలయ్, తమిళ పిల్లలతో రెండేళ్లు ఒకే బల్ల మీద తిన్నవాడు కదా. వాడు అడిగిన ప్రశ్న మాత్రం మా అందరికీ గుచ్చుకుంది. "ఏడాదిలో ఆ ఒక్క రోజేనా మావయ్యా?"

నాగార్జునకొండకి విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్లాం. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యామ్ నీళ్లలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగిపోయింది. మునిగేలోపు 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవి కొండ మీదకీ అనుపుకీ చేర్చారు. అక్కడ సింహళ విహారం అని ఒకటి ఉండేది, శ్రీలంక నుంచి వచ్చిన భిక్షువుల కోసం కట్టింది. అంటే పదిహేడు వందల ఏళ్ల కింద చదువు కోసం సముద్రం దాటి జనం ఇక్కడికి వచ్చేవాళ్లన్నమాట. లాంచీలో తిరిగొస్తుంటేనే మా అక్క అసలు విషయం ఎత్తింది.

విషయం ఏంటంటే, డిగ్రీ అయ్యేలోపు వాడు పౌరసత్వం గురించి ఆలోచించుకోవాలి. సింగపూర్ రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. మన 1955 పౌరసత్వ చట్టం ప్రకారం కూడా, ఇంకో దేశ పౌరసత్వం తీసుకున్న క్షణమే మనది పోతుంది. తీసుకోకపోయినా సర్వీస్ బాధ్యత వదలదు. రెండేళ్ల తర్వాత కూడా పది విడతలు, ఏడాదికి నలభై రోజుల దాకా పిలుస్తారు. మామూలు ర్యాంకుల వాళ్లకి నలభై ఏళ్ల వయసు దాకా ఉంటుంది. బావ తీసుకోమంటాడు. అక్క తేల్చదు. మా అమ్మని అడిగితే, నేను అరుస్తుందనుకున్నాను. "ఆళ్ల ఉప్పు తిన్నాడు, ఆళ్ల తుపాకీ మోశాడు. ఆడి ఇష్టం" అంది. పదమూడేళ్లప్పుడు అలిగిన మనిషి ఈమేనా అని మా అక్క నా వంక చూసింది. వాడు మాత్రం ఇరవై మూడు దాకా ఆ మాట ఎత్తొద్దని అందరికీ చెప్పి, పల్లీల పొట్లం విప్పాడు. నన్నడిగితే అది సరైన జవాబే.

ఇప్పుడు మన పిల్లల సంగతి. మన దేశంలో నిర్బంధ సైనిక సేవ లేదు. ప్రజా ప్రయోజనం కోసం ప్రభుత్వం నిర్బంధ సేవ పెట్టుకోవచ్చని రాజ్యాంగం 23వ అధికరణంలో వీలుంది గానీ, సైన్యానికి మనం ఎప్పుడూ వాడలేదు. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ ఇష్టపడి చేరేది. నాలుగేళ్లు. మొదటి ఏడాది నెలకి 30 వేలు, అందులో 30 శాతం నిధికి పోతుంది. చివర్లో చేతికి వచ్చే సేవానిధి దాదాపు 11.71 లక్షలు. పింఛను లేదు. నాలుగో వంతు మందిని మాత్రమే ఉంచుకుంటారు. మొదటి బ్యాచ్ శిక్షణ 2022 ఆఖర్లో, 2023 మొదట్లో మొదలైంది, నాలుగేళ్లు మీరే కలుపుకోండి.

తేడా ఎక్కడంటే, సింగపూర్ పిల్లాడికి బయటికొచ్చే రోజుకి సీటు సిద్ధంగా ఉంటుంది. మనవాడు ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకి వచ్చి మొదటినుంచి వెతుక్కోవాలి. అందుకని లోపల ఉండగానే రెండు పనులు చూసుకోమనండి. పదో తరగతితో చేరినవాళ్లకి ఓపెన్ స్కూలింగ్ ద్వారా ఇంటర్‌తో సమానమైన సర్టిఫికెట్ వచ్చే ఏర్పాటు ఉంది. ఇగ్నో మూడేళ్ల డిగ్రీలో సగం క్రెడిట్లు సైన్యంలో నేర్చుకున్న పనికే ఇస్తుంది, మిగతా సగం చదివి తెచ్చుకోవాలి. ఏటా 30 రోజుల సెలవు ఉంటుంది, ఇంటికొచ్చినప్పుడు ఆ కాగితాలు ఒకసారి ముందేసుకుని చూడండి. సేవానిధి డబ్బు పడేరోజుకి ఇంట్లో ఆ డబ్బుకి నాలుగు లెక్కలు రెడీగా ఉంటాయి, చెల్లెలి పెళ్లి, పొలం బాకీ, ఇల్లు. వాడి చదువుకి కొంత అట్టే పెట్టమని ముందే మాట తీసుకోండి.

మావాడు వెళ్లి పది రోజులైంది. నిన్న మా అమ్మ ఫోన్‌కి తెలుగులో మెసేజ్ పెట్టాడు, "అమ్మమ్మ గొంగూర అయిపొయింది" అని. రెండు తప్పులున్నాయని చెప్పి, పచ్చడి జాడీ కట్టటం మొదలుపెట్టింది. కొరియర్ వాడు నూనె కారితే తీసుకోనంటున్నాడు, ఎట్లా పంపాలో తెలిసినవాళ్లు చెప్పండి. వచ్చే వారం గుంటూరు మిర్చి యార్డు గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ.