మూలపడిన సీడీల్లో ముద్దుగొంతులు
కంప్యూటరుకు ఎక్కిస్తేనే పదిలం

అమీన్‌పూర్: పటాన్‌చెరు పారిశ్రామికవాడను ఆనుకుని పెరిగి, 2018లో పురపాలక సంఘమైన అమీన్‌పూర్‌లో కర్మాగారాల ఉద్యోగులు, నగరంలోని కంప్యూటర్ సంస్థల్లో పనిచేసేవారు అనేకులు స్థిరపడ్డారు. ఇలా ఊళ్లు మారి వచ్చిన కుటుంబాల అటకలపై పాత సీడీల పెట్టెలు ఉండటం మామూలే. వాటిని వినిపించే యంత్రాలే కరువయ్యాయి. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి సీడీ పెట్టే అర ఉండటం లేదు.

సినిమా పాటల సీడీ పాడైతే ఆ పాట మరోచోట దొరుకుతుంది. క్యాసెట్టు నుంచి సీడీకి ఎక్కించుకున్న తాతగారి హరికథకు, అమ్మమ్మ మంగళహారతికి మాత్రం మరో ప్రతి ఉండదు. పైగా ఇంట్లో రాసుకున్న సీడీలలో ధ్వని రంగుపూతపై నమోదవుతుంది. ఎండకు, వేడికి, తేమకు ఆ పూత చెడిపోతుంది.

కాపీ చేస్తే చాలదు

1982లో మార్కెట్టుకు వచ్చిన ఆడియో సీడీలో ధ్వని అంకెల రూపంలోనే ఉంటుంది. ఒక్కో చానెల్‌లో సెకనుకు 44,100 కొలతలు ఉంటాయి. వాటిని నేరుగా చదివి ఫైలుగా మార్చుకోవాలి. విండోస్‌లో సీడీ తెరిస్తే కనిపించే ‘సీడీఏ’ ఫైళ్లు పాటలు కావు, పాట ఎక్కడుందో చెప్పే గుర్తులు మాత్రమే. ఒక్కొక్కటి 44 బైట్లు. వాటిని కాపీ చేసుకుని సీడీ పారేస్తే మిగిలేది శూన్యమే.

ఇందుకు యూఎస్‌బీ తీగతో కలిపే డ్రైవు కావాలి. విండోస్ మీడియా ప్లేయర్‌లోని ‘రిప్’ సదుపాయం సరిపోతుంది. గీతలు పడిన సీడీలకు, అనుమానమున్న చోట మళ్లీ మళ్లీ చదివి సరిచూసే ‘ఎగ్జాక్ట్ ఆడియో కాపీ’ మేలు. ముందుగా మెత్తని గుడ్డతో మధ్యనుంచి అంచుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడవరాదు.

‘వేవ్’ రూపంలో నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు పడుతుంది. ‘ఎంపీ3’లో చోటు బాగా తగ్గినా ధ్వనిలో కొంత పోతుంది. ‘ఫ్లాక్’లో ఏమీ పోకుండానే దాదాపు సగం చోటు ఆదా అవుతుంది. ఇంటివారి గొంతులకు ఇదే తగినది.

ఈ పనికి ఇంటింటా డ్రైవు కొననక్కరలేదు. అపార్టుమెంటు సంఘం ఒకటి కొంటే వంతులవారీగా అందరూ వాడుకోవచ్చు. ఎక్కించినవి చివరిదాకా విని చూసుకుని, రెండుచోట్ల దాచుకోవాలి. అప్పటివరకు పాత సీడీని పారేయకపోవడం మంచిది.