ఆకులో యిల్లు కట్టే పురుగు

హైటెక్ సిటీ మేడల మధ్య నిలబడితే, దగ్గరలో వరిచేను వుందంటే నమ్మబుద్ధి కాదు. కాని దక్షిణంగా కొద్దిదూరం వెళితే రాజేంద్రనగర్ వస్తుంది. దేశమంతటా వరిమీద జరిగే పరిశోధనలను కలిపి నడిపే పథకం 1965లో అక్కడే మొదలయింది. వరిచేలో తెల్లచారలు పడి, గొట్టంలా ముడుచుకున్న ఆకు కనబడితే మెల్లిగా విప్పి చూడండి. లేతాకుపచ్చని పురుగు ఒకటి గిలగిలా కొట్టుకుంటుంది. అదే ఆకుముడత పురుగు.

తల్లిపురుగు రాత్రివేళ ఆకుమీద గుడ్లు పెడుతుంది. నాలుగయిదు రోజుల్లో పిల్ల బయటికి వస్తుంది. అంత చిన్న ప్రాణి అంత బిరుసు ఆకును ఎలా ముడుస్తుంది? బలంతో కాదు! తల అటూ యిటూ ఆడిస్తూ, ఒక అంచునుంచి రెండో అంచుకు నోటితో పట్టుదారం కడుతుంది. దారం ఆరేకొద్దీ బిగుసుకుంటుంది. అంచులు రవ్వంత దగ్గరవుతాయి. తరవాతి కట్టు మరికాస్త పొట్టిగా వేస్తుంది. యిలా కట్టుమీద కట్టు వేసి ఆకును గొట్టం చేసేస్తుంది. మన దర్జీకయినా యీ ఉపాయం తోచదేమో!

లోపల కూచుని ఆకులోని పచ్చదనాన్ని గీకి తింటుంది. పైపొర మాత్రం మిగులుతుంది. అందుకే ఆ తెల్లచారలు. ఒక ఆకు అయిపోతే మరో ఆకు. రెండు మూడు వారాలు యిలా తిని, ముడతలోనే ప్యూపాగా మారుతుంది. మరో వారానికి రెక్కలతో బయటపడుతుంది.

పైరు చిన్నదిగా వున్నప్పుడు కొత్త ఆకులు వేసుకుని తట్టుకుంటుంది. వెన్ను పక్కనుండే పోటాకు పాడయితేనే చిక్కు, ఎందుచేతనంటే గింజకు పాలు పట్టేది ముఖ్యంగా దానివల్లనే. యూరియా మరీ ఎక్కువ వేసిన చేలో యీ పురుగు మరీ విజృంభిస్తుంది. కనబడగానే మందు కొట్టినా కష్టమే. దీన్ని తినే సాలీళ్ళూ, దీని గుడ్లలోనే తన గుడ్డు పెట్టే చుక్కంత కందిరీగా ముందు చస్తాయి. అందుకని పైరు పిలకలు వేసేటప్పుడు రైతులు చేనుకు అడ్డంగా తాడు పట్టి రెండు మూడుసార్లు లాగుతారు. ముడతలు విడి పురుగులు నీళ్ళలో పడతాయి.

యింత చిన్న పురుగు సముద్రాలు కూడా దాటుతుంది! జపానులో చాలాచోట్ల చలికాలానికి యిది బతకదు. అయినా ఏటా వానాకాలపు గాలులమీద చైనానుంచి మళ్ళీ వచ్చి వాలుతుంది.

దీపమంటే దీనికి ప్రీతి. చేలదగ్గర దీపం కింద ముప్పాతిక అంగుళం వెడల్పున పసుపు రెక్కలు కనబడితే, ముందు రెక్కమీద చూడండి: రెండు పొడుగు చారలు, వాటి నడుమ ఒక పొట్టి చార.