పై గ్రూపు హక్కు కింది గ్రూపుకు ఎందుకొస్తుంది?

కోడ్‌ను దాచుకుని కలిసి పనిచేసే వేదిక గిట్‌ల్యాబ్‌లో పదిమంది కలిసి ప్రోగ్రాములు రాస్తున్నారనుకోండి. అందరికీ అన్నీ తెరిచిపెడితే ఎవరో ఒకరు పొరపాటున ఏదో ఒకటి చెరిపేస్తారు. అందుకే ఒక గ్రూపు, దానిలో ఉపగ్రూపు, అందులో ఇంకొకటి. ఇలా 20 అంచెల దాకా కట్టుకోవచ్చు.

అసలు కిటుకు అనుమతుల్లో ఉంది. కాలువలో నీళ్లలాగే హక్కులు పైనుంచి కిందికే పారతాయి. ఒక్కొక్కరికి ఒక్కో హోదా ఇస్తారు: 'రిపోర్టర్' కోడ్ చూడగలరు, మార్చలేరు. 'డెవలపర్' మార్చగలరు. పై గ్రూపులో రమ్యను డెవలపర్‌గా చేర్చామా, కింద ఉన్న ప్రతి ఉపగ్రూపులోనూ ఆమె డెవలపరే. ఏదో ఒక ఉపగ్రూపులో ఆమెను అంతకంటే పై హోదా అయిన 'మెయింటెయినర్'గా పెంచొచ్చు. రిపోర్టర్‌గా తగ్గిద్దామంటే మాత్రం కుదరదు. చాలామంది తికమకపడేది ఇక్కడే. అదే ఆమెను ఉపగ్రూపులో మాత్రమే చేర్చి ఉంటే, పక్క ఉపగ్రూపులోని ప్రైవేట్ కోడ్ ఆమెకు కనపడదు.

గోప్యతకూ ఇదే పద్ధతి. పై గ్రూపు ప్రైవేట్ అయితే లోపలిది పబ్లిక్‌గా ఉండటం కుదరదు. గడప దాటకుండా నట్టింట్లోకి ఎలా వెళ్తారు మరి!

మీరే ఒక గ్రూపు కడితే, కొత్తవాళ్లను ముందు వాళ్ల పనికి సరిపడే ఉపగ్రూపులోనే చేర్చండి. అన్నిటికంటే పైదైన 'ఓనర్' హోదా ఒకరిద్దరికి చాలు.