గేరు మారే అరక్షణం

తోలేవారి చేయి, ఎడమకాలు కలిసి చేసే పనిని నూనె పీడనంతో తనంతట తానే చేసుకునే గేర్‌బాక్సును ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ అంటారు. ఇంజను వేగానికీ చక్రాల వేగానికీ మధ్య ఉండవలసిన నిష్పత్తిని బరువును బట్టి, ఎత్తుపల్లాలను బట్టి మార్చడం ఏ గేర్‌బాక్సుకైనా ఉన్న పనే. అయితే ఆటోమేటిక్‌లో ఆ మార్పు జరిగే అరక్షణంలో లోపల ఎంత రాపిడి పుడుతుందన్న దానిపైనే యంత్రం ఎన్నాళ్లు మన్నుతుందన్నది చాలావరకు ఆధారపడి ఉంటుంది. కుదుపు తెలియకుండా గేరు పడితే అది మంచి బండి అని లోకం అనుకుంటుంది గాని, బరువు మోసే పికప్ విషయంలో ఆ కొలత సగమే నిజం.

ఈ యంత్రంలోని ముఖ్యభాగం ఓడల కోసం పుట్టింది. నేడు పోలండ్‌లో ఉన్న, అప్పటి జర్మనీ రేవుపట్టణం స్టెటిన్‌లో ఓడలు కట్టే వల్కాన్ సంస్థలో పనిచేస్తూ, ఆవిరి టర్బైన్ వేగాన్ని ఓడ ప్రొపెల్లర్‌కు తగినట్టు తగ్గించే దారి వెతికిన హెర్మన్ ఫ్యోటింగర్, 1905లో ద్రవం ద్వారా శక్తిని అందించే సాధనానికి పేటెంటు పొందాడు. ఎదురెదురుగా రెండు రెక్కల చక్రాలు నూనెలో మునిగి ఉంటాయి. ఇంజను తిప్పే చక్రం నూనెను విసురుతుంది, ఆ నూనె తాకిడికి రెండో చక్రం తిరుగుతుంది. వీటి నడుమ నూనె దారిని మళ్లించే మూడో రెక్కల చక్రాన్ని నిలిపితే, బయలుదేరే వేళ తిప్పుడు బలం సుమారు రెండింతలవుతుంది. టార్క్ కన్వర్టర్ అంటే ఇదే.

రోడ్డు మీద ఈ ఊహ నిలదొక్కుకోవడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. జనరల్ మోటార్స్‌లో ఎర్ల్ థాంప్సన్ బృందం రూపొందించిన హైడ్రమాటిక్, 1939లో ప్రకటించిన 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లలో అమ్మకానికి వచ్చింది. అది నాలుగు గేర్లను తానే మార్చుకునేది గాని, ఆ మార్పు ప్రయాణికుడికి కుదుపుగా తెలిసేది. 1948లో బ్యూయిక్ కార్లకు వచ్చిన డైనాఫ్లో ఇందుకు పూర్తిగా ఎదురు దారి పట్టింది. మామూలు ప్రయాణంలో గేరు మార్చడమనే పనే పెట్టుకోకుండా, భారమంతా టార్క్ కన్వర్టర్ మీద వేయడంతో ప్రయాణం వెన్నలా సాగేది, కాని ఇంజను శక్తిలో చెప్పుకోదగిన భాగం నూనెను వేడి చేయడానికే ఖర్చయ్యేది. గట్టిగా పట్టడమా, మెత్తగా జారడమా అన్న ఈ పెనుగులాటే తర్వాతి కాలపు ప్రతి మెరుగుదల వెనుకా కనబడుతుంది. ఆఖరికి ఈ గేర్‌బాక్సుల నూనెలో కూడా, క్లచ్ పట్టు మృదువుగా ఉండడానికి స్పెర్మ్ తిమింగలం నూనెను కలిపేవారు. 1970ల తొలినాళ్లలో అమెరికాలో దానిపై నిషేధం వచ్చాక, దాని స్థానంలో కృత్రిమ రసాయనాలను వెతుక్కోవలసి వచ్చింది.

పికప్‌లకు ఈ గేర్‌బాక్సు 1950లలోనే చేరినా, మన నేల మీద దాని చరిత్ర చిన్నది. 2016 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఉత్పత్తి మొదలుపెట్టిన ఇసుజు కర్మాగారం, తన డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్‌ను 2019లో 1.9 లీటర్ల డీజిల్ ఇంజను, ఆరు గేర్ల ఆటోమేటిక్‌తో విడుదల చేసింది. 150 అశ్వశక్తి, 350 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం గల ఈ బండి తెలుగు నేల మీదే తయారైన ఆటోమేటిక్ పికప్. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పత్తి, వేరుశెనగ, మిరప మోసే పికప్‌లలో నేటికీ అత్యధికం చేతి గేరువే అయినా, ఆటోమేటిక్ బండి ఈ దారుల్లోకి వచ్చినప్పుడు దాని స్వభావం తెలిసి ఉండడం అవసరం.

గేరు మారడమంటే లోపల పళ్ల చక్రాలు అటూఇటూ జరగడం కాదు. సూర్యుని చుట్టూ గ్రహాల్లా నడిమి చక్రం చుట్టూ చిన్న చక్రాలు ఎప్పుడూ పళ్లు కలుపుకొనే తిరుగుతుంటాయి. వాటిలో ఏది ఆగాలో, ఏది దేనితో కలిసి తిరగాలో నిర్ణయించేవి నూనెలో తడిసిన పలుచని క్లచ్ పళ్లేలు. ఒక క్లచ్ వదులుతుండగా మరొకటి పట్టుకోవాలి. ఆ పట్టుకునేలోగా పళ్లేలు ఒకదానిపై ఒకటి జారుతూ రాసుకుంటాయి. లెక్కకు సులువుగా, 350 న్యూటన్ మీటర్ల బలం మీద ఇంజను నిమిషానికి 3,000 చుట్ల నుంచి 2,000కు దిగే మార్పు 0.6 సెకను పడుతుందనుకుంటే, పుట్టే వేడి సుమారు 11 కిలోజౌళ్లు. అది ఒక కిలో ఉక్కును 22 డిగ్రీల మేర వేడెక్కించగలదు. అదే మార్పు 20 శాతం ఎక్కువ బలంతో 0.3 సెకనులో ముగిస్తే, వేడి 7 కిలోజౌళ్ల లోపే ఉంటుంది. ప్రయాణికుడు మెచ్చుకునే మెత్తదనానికి మూల్యం చెల్లించేది ఈ పళ్లేలే.

ఈ సమయాన్ని నియమించేది వాల్వ్ బాడీ, అంటే లోపల చిట్టడవి దారుల్లాంటి సన్నని నూనె కాలువలు తొలిచిన అల్యూమినియం దిమ్మె. దాని రెండు భాగాల నడుమ, డజన్ల కొద్దీ రంధ్రాలున్న పలుచని ఉక్కు రేకు ఉంటుంది. చెరువు తూము ఎంత వెడల్పుంటే మడి అంత త్వరగా నిండినట్టే, రేకులో రంధ్రం ఎంత పెద్దదైతే క్లచ్ గదిలోకి నూనె అంత త్వరగా చేరుతుంది. రంధ్రం వ్యాసాన్ని 2 మిల్లీమీటర్ల నుంచి 2.5కు పెంచితే, కంటికి తేడా అంతగా ఆనకపోయినా, నూనె పారే వైశాల్యం 56 శాతం పెరుగుతుంది. పక్కనే అక్యుములేటర్ ఉంటుంది. స్ప్రింగుకు ఆనిన ఈ చిన్న పిస్టను, వచ్చే నూనెలో కొంత తనలోకి తీసుకొని, పీడనం ఒక్కసారిగా లేవకుండా కాస్తుంది. అమెరికాలో ట్రాన్స్‌గో సంస్థను నెలకొల్పిన గిల్ యంగర్ ప్రచారంలోకి తెచ్చిన షిఫ్ట్ కిట్, మార్చిన రేకు, గట్టి స్ప్రింగులు, కొత్త వాల్వులతో సరిగ్గా ఈ రెండింటినే సవరించి, జారుడును తగ్గించి, పట్టును త్వరపరుస్తుంది.

నేటి ఆరు గేర్ల యంత్రాల్లో ఈ పెత్తనం చాలావరకు కంప్యూటర్‌కు, దాని ఆజ్ఞతో నూనె దారులను తెరిచి మూసే సోలినాయిడ్ అనే విద్యుత్ వాల్వులకు చేరింది. 1981లో టొయోటా ఇలాంటి మైక్రోప్రాసెసర్ నియంత్రణను తెచ్చిన నాటి నుంచి, గేరు సరిచేయడమంటే రంధ్రాలు పెంచడమే కాదు, ఏ వేగంలో ఏ పీడనం ఉండాలో చెప్పే పట్టికను తిరిగి రాయడం కూడా అయింది.

ఈ శాస్త్రం నిజంగా పరీక్షకు నిలిచేది ఎండలో, ఎక్కుడులో. ఎర్రవల్లి నుంచి బీచుపల్లి, పెబ్బేరు, కొత్తకోటల మీదుగా సాగే 44వ జాతీయ రహదారి మీద బండి పై గేరులో నిలకడగా పోతుంటే, టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్ రెండు రెక్కల చక్రాలను ఒకటిగా బిగిస్తుంది గనుక నూనె చల్లగానే ఉంటుంది. అచ్చంపేట దాటి నల్లమలలో మన్ననూరు వైపు ఎక్కేటప్పుడు, మళ్లీ ఈగలపెంట తర్వాత శ్రీశైలం ఆనకట్ట దిశగా దిగి తిరిగి ఎక్కేటప్పుడు, వేగం తగ్గి మలుపులు పెరిగి లాకప్ మాటిమాటికీ విడిపోతుంది. విడిపోయిన ప్రతిసారీ ఇంజను శక్తిలో కొంత నూనెను చిలకడానికే పోతుంది. మెకానిక్కులు పాటించే ఒక అంచనా ప్రకారం, 80 డిగ్రీలు దాటాక నూనె వేడి ప్రతి పదకొండు డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాని ఆయువు సగమవుతుంది. అంటే 102 డిగ్రీల దగ్గర నాలుగో వంతే మిగులుతుంది.

కాబట్టి బరువు మోసే పికప్‌కు మెరుగులు దిద్దడంలో వరుస ముఖ్యం. తయారీదారు చెప్పిన రకం నూనెను, చెప్పిన వేడిమి దగ్గర, చెప్పిన మట్టానికి నింపి, వడపోతను మార్చడం మొదటి మెట్టు. కదిలే గాలి తగిలేచోట అదనపు ఆయిల్ కూలర్ బిగించడం రెండోది. దిగుడులో బ్రేకు మీదే ఆధారపడక, గేరును చేత్తో కింది అంకెలో నిలిపి ఇంజను చేతనే బండిని పట్టించడం ఖర్చు లేని మూడోది. ఇవన్నీ చేశాక కూడా గేరు జారుతుంటేనే వాల్వ్ బాడీ జోలికి పోవాలి. పట్టును మితిమీరి బిగిస్తే వేడి తగ్గినా, ఆ దెబ్బ ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లకు, వెనుక ఇరుసుకు చేరి, పగులు అక్కడ పుడుతుంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. పైగా ఇలాంటి మార్పుల వల్ల వారంటీ చెల్లకపోవచ్చు.

చేతి గేరు బాగుచేయడంలో ఈ ప్రాంతపు మెకానిక్కులకు చెవితో విని, వేలితో తడిమి తప్పు పట్టే నేర్పు ఉంది. ఆటోమేటిక్‌కు కావలసింది ఆ నేర్పుకు తోడు నూనె దారుల చదువు. వనపర్తి సంస్థానపు పూర్వ రాజభవనంలో 1959 నుంచి నడుస్తున్న ప్రభుత్వ పాలిటెక్నిక్ వంటి చోట, విప్పిన ఒక వాల్వ్ బాడీ బల్ల మీద ఉంచి చెప్పే పాఠం, పది బండ్లను అనవసరపు మరమ్మతు నుంచి కాపాడగలదు. ఆ పాఠం తెల్లకాగితం మీద వేసిన ఒక్క నూనె చుక్కతో మొదలుకావచ్చు. అది ఎర్రగా, తేటగా పరుచుకుంటే క్లచ్‌లు క్షేమం. గోధుమరంగుకు తిరిగి, మాడిన వాసనతో నడుమ నల్లని నలుసులు మిగిల్చితే, అవి అరిగిపోయిన క్లచ్ పళ్లేల పొడి. అప్పటికి ఏ షిఫ్ట్ కిట్ కొన్నా ఆలస్యమే.