కంటికి కానరాని గాయము

తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినవాడు కొంతసేపటికి తేరుకొని మాటలాడినచో, గండము గడచినదని మనము సంతసింతుము. కాని కొందరిలో కపాలమునకును, మెదడును కప్పియున్న పొరకును నడుమ నెత్తురు చేరుచుండును. కొన్ని గంటలలో తలనొప్పి, వాంతులు, మగత కలిగి ప్రాణాపాయము సంభవింపవచ్చును.

1895లో రాంట్జెన్ కనుగొనిన ఎక్స్-కిరణములు విరిగిన యెముకను చూపును గాని, సామాన్యమైన ఎక్స్-రే పటము ఈ నెత్తుటిని చూపజాలదు. ఈ కొరతను తీర్చినది హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. యంత్రము. 1971లో లండనునందు దానితో తొలిసారి ఒక రోగి మెదడును చిత్రించిరి. అది అనేక కోణములనుండి కిరణములను పంపి, కంప్యూటరు సాయమున పొరలు పొరలుగా చిత్రమును కూర్చును. క్రొత్తగా గడ్డకట్టిన నెత్తురు అందు తెల్లగా కనిపించును.

కడుపులోని రక్తస్రావమును కనుగొనుటకు అల్ట్రాసౌండు తోడ్పడును. రోగిని మంచముపైనుండి కదల్పకయే, కాలేయము, ప్లీహము, గుండెల చుట్టును, పొత్తికడుపునందును నెత్తురు చేరినదేమో వైద్యుడు కొన్ని నిమిషములలో చూడగలడు. చేరియుండి, రక్తపు పోటు పడిపోవుచున్నచో, సి.టి. కొరకు ఆగక తిన్నగా శస్త్రచికిత్సకే కొనిపోవుదురు.

కావున "ముందు స్కాను తీయరేమి?" యని మనము తొందరపడరాదు. ఊపిరిని నిలుపుట మొదటి పని, చిత్రము తరువాతిది. ఇంటికి పంపిన రోగిని మాత్రము ఆ రాత్రియంతయు కనిపెట్టి యుండవలెను. వాంతులైనను, మగతయైనను కలిగినచో నిదురపోవుచున్నాడని ఊరకుండక, వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.